గుర్రం మూత్రం డికాక్షన్ రంగులో వస్తే ఒక్క అడుగు కూడా నడిపించకండి

అందరికీ నమస్తే. ఆదివారం మొయినాబాద్‌లో మా ఆడగుర్రానికి జరిగింది చెప్తున్నా, దయచేసి పూర్తిగా చదవండి. వానల వల్ల రెండు రోజులు షెడ్‌లోనే ఉంది, దాణా మాత్రం తగ్గించలేదు, అది మా తప్పే. మూడో రోజు పరుగు పెట్టించిన కాసేపటికే ఒళ్లంతా చెమట, వెనక కాళ్లు బిగుసుకుపోయాయి, పిరుదు మీద చెయ్యి వేస్తే రాయిలా ఉంది. ఆ తర్వాత పోసిన మూత్రం అచ్చం కాఫీ డికాక్షన్.

నడిపిస్తే సర్దుకుంటుందని పక్కవాళ్లు అన్నారు. వద్దు! కండరాలు దెబ్బతిని అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరుతుంది, నడిపిస్తే ఇంకా పెరుగుతుంది, ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటే కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. డాక్టర్ వచ్చి సెలైన్ ఎక్కించి, సీకే (కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలకు రక్తం తీశారు, మళ్లీ చేయించాలట. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు మాత్రం సొంతంగా ఇవ్వకండి, ఒంట్లో నీళ్లు తగ్గిన గుర్రానికి అవే కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఒక్కటి గమనించండి, మామూలు మూత్రం కూడా నేల మీద పడ్డాక కాసేపటికి ఎర్రబడుతుంది, దానికి టెన్షన్ వద్దు. గుర్రాల మూత్రం పసుపుగా, మడ్డిగా ఉండటం సహజమే. పోసేటప్పుడే తెల్ల మగ్గులో పట్టి రంగు చూడండి. పరుగు తర్వాత ప్రతిసారీ రక్తం కనిపిస్తుంటే మూత్రాశయంలో రాయి ఉండొచ్చు, అదీ చూపించాలి.

మాది ఈ ఉదయం లేత పసుపు రంగులో పోసింది, గడ్డి కూడా తింటోంది.