ఎండలో పోయిన కరెంటు

జయపురం
ఆదివారం మధ్యాహ్నం

ఒరే సత్యం,

నీ రెండు ఉత్తరాలకీ కలిపి ఒకే జవాబు. తిట్టుకోకు. ఫోన్లో చెప్పేసే సంగతైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి, ఇది కాగితం మీద పెడితేగానీ నాకు తీరదు. మా మేనల్లుడు కిరండోల్ నుంచి వచ్చే రాత్రి బండికి విశాఖ వస్తున్నాడు, వాడి చేతికిస్తాను.

ముందు మామూలువి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. అమ్మాయికి బరంపురంలో సీటొచ్చింది. ఇక్కడ వానలు ఒకటే పోత. అంతే, అసలు సంగతికి వస్తున్నా.

మేడ మీద సోలార్ పెట్టించానని చెప్పాను కదా. మూడు కిలోవాట్లు, ఆరు పలకలు. కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేలు సబ్సిడీ. బిల్లులో నాన్న పేరు ఒకలాగ, బ్యాంకులో ఇంకోలాగ ఉన్నందుకు నన్ను ఎన్నిసార్లు తిప్పారో అడక్కు. దానికంటే పెద్ద తిప్పలు ఇంట్లో. నాన్నకి మొదట్నుంచీ ఇష్టం లేదు. తెలుసు కదా ఆయన సంగతి, తాను పనిచేసిన మాచ్‌ఖండ్ పవర్‌హౌస్‌లో నీళ్లతో తీసే కరెంటు తప్ప మిగతాదంతా నకిలీ. 1955 నుంచి తిరుగుతున్న మిషన్లు, ఆరు కలిపి 120 మెగావాట్లు, ఒక్క బొగ్గు ముక్క కాల్చకుండా... ఆ దండకం నీకూ కంఠతా వచ్చు. "రాత్రి ఏడింటికి ఎండ ఏ కొట్లో కొంటావురా?" అని నన్ను నెల రోజులు కాల్చుకు తిన్నారు.

జూన్ మొదటి ఆదివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పార్వతీపురం నుంచి బావగారు, రాయగడ నుంచి పిన్నివాళ్లు వచ్చారు. ముందురోజు నుంచే ఊదరగొట్టేశాను, ఇక మనింట్లో కరెంటు పోవడమన్న మాటే లేదని. బావగారిని పనిగట్టుకుని మేడెక్కించి మరీ చూపించాను. మన 'ఢిల్లీ' గొప్పలు గుర్తున్నాయా? సాలూరు పిల్లల దగ్గర "మేం ఢిల్లీలో ఉంటాం" అని చెప్పి, అది మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ ఊరు ఒనకఢిల్లీ అని తెలిశాక వాళ్లు మనల్ని తరిమినప్పుడు? సరిగ్గా అదే గతి పట్టింది నాకు.

కథలో షావుకారు మొక్కు మరిచిపోయే చోటికొచ్చాం. పన్నెండు దాటింది, నడినెత్తిన సూర్యుడు. టక్కున ఫ్యాన్లు ఆగిపోయాయి. కూలర్ ఆగింది. వంటాయన గ్రైండర్ పప్పుతో సహా ఆగింది. పక్కింటి ఒడియా ఆవిడ గోడ మీంచి "లైన్ గలా!" అని కేకేసింది. అందరూ నా వైపు చూశారు. నేను పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ వైపు చూశాను. దాని మీద ఎర్రలైటు.

"ఏం బావా, సూర్యుడు కూడా భోజనానికి వెళ్లాడా?" అన్నారు బావగారు. పంతులుగారు కూడా నవ్వారురా, విస్తరాకుతో విసురుకుంటూ.

బిగించినవాడికి ఫోన్ చేస్తే, "బ్యాటరీ లేదు కదా సార్, లైను పోతే అదీ ఆగుతుంది" అన్నాడు, నేనేదో తెలిసి కొన్నట్టు. ముందే చెప్పొచ్చు కదయ్యా అంటే, మీరు అడగలేదన్నాడు.

నాన్న అప్పుడు నన్ను ఏడిపిస్తారనుకున్నాను. ఏడిపించలేదు. కుర్చీలోంచి లేచి, కర్ర కూడా మర్చిపోయి, నెమ్మదిగా ఇన్వర్టర్ దగ్గరికెళ్లి నిలబడ్డారు. "లైను చచ్చిందని దీనికెలా తెలిసింది?" అన్నారు. బయట లైన్లో కరెంటు లేకపోతే అదే పసిగట్టి ఆగిపోతుందని, ఫోన్లో వాడు చెప్పిన ముక్కే చెప్పాను. "దీనికి బుద్ధుంది" అని వెళ్లి పీట మీద కూర్చున్నారు. మళ్లీ మాట్లాడలేదు.

ఒరే, ఇంత రాసింది ఇప్పుడు చెప్పబోయేదాని కోసమే.

రాత్రి చుట్టాలు పడుకున్నాక అరుగు మీద కూర్చున్నాం. నాన్న తనంతట తనే మొదలెట్టారు. లైను ఆపారంటే ఎవడో ఒకడు స్తంభం మీద ఉంటాడు, తీగ చచ్చిందన్న నమ్మకంతో చెయ్యి వేస్తాడు. ఆ సమయానికి ఏ ఇంట్లోంచో కరెంటు వెనక్కి తంతే, అది ట్రాన్స్‌ఫార్మర్ లోంచి అటు పోయేటప్పటికి పదకొండు వేల వోల్టులవుతుంది. "మన మావయ్య అలాగే పోయాడు" అన్నారు.

ఏ మావయ్యో అర్థమైందా? మీ వెనక లైన్ క్వార్టర్లో ఉండేవాడు, మనకి పిప్పరమెంట్లు ఇచ్చేవాడు, నిన్ను సైకిల్ ముందు రాడ్ మీద ఎక్కించుకునేవాడు. వానలో స్తంభం మీంచి జారిపడ్డాడనే కదా మనకి చెప్పారు? జారలేదుట. బజారులో ఎవరో పెళ్లికని డీజిల్ జనరేటర్ తెచ్చి, మెయిన్ దించకుండా ఇంటి వైరింగ్‌కి కలిపేశారు. లైను ఆపించి, ఇక స్తంభం ఎక్కొచ్చని పర్మిట్ ఇచ్చినది నాన్నే. ఆయన తప్పేం లేదు, ఇక్కడి స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. అయినా నలభై ఏళ్లకి పైగా ఒక్కరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. నేను ఏమనాలో తెలీక, "చలేస్తోంది, లోపలికెళ్దాం" అన్నాను. జూన్‌లో చలేమిటిరా!

నీకు ఇది రాయొచ్చో లేదో కూడా తెలీదు. మనం ఆ తర్వాత వర్షం వచ్చినప్పుడల్లా ఆ స్తంభం కింద నిలబడి జారుడు ఆట... వద్దులే.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నాన్న ఒక లాంగ్ నోట్‌బుక్‌కి గళ్లు గీస్తున్నారు. టైము, కిలోవాట్లు, ఆకాశం, రిమార్కులు. కంట్రోల్ రూమ్ లాగ్‌షీటే! అప్పట్నుంచి గంటకోసారి ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లి అంకె రాస్తున్నారు. రిమార్కుల్లో చూడు: "మూడో పలకపై కాకి రెట్ట. తుడవడమైనది." తుడిచింది నేను. ఆయన రాతల వల్లే తెలిసింది, ఉడికిపోయే రోజు కంటే వాన వెలిసి చల్లగాలి తోలే రోజు ఎండలోనే ఎక్కువ వస్తోంది. పలక వేడెక్కితే దాని చేవ తగ్గుతుందిట. బాగా కాసిన రోజు పన్నెండు యూనిట్లు దాటుతోంది, ఈ ముసురుకి నాలుగు కూడా గగనం.

2025 జులైలో పేపర్లో వచ్చింది కదా, దేశం మొత్తం కెపాసిటీలో సగం బొగ్గూ గ్యాసూ కానివే అయ్యాయని, 2030కి అనుకున్నది ఐదేళ్లు ముందే అయిందని. నేను ఎగిరి గంతేశాను. నాన్న కళ్లజోడు సర్దుకుని, "పదెకరాలుండటం వేరు, పదెకరాలు పండటం వేరు" అన్నారు. నిజమే, నిజంగా తయారైన యూనిట్ల లెక్క తీస్తే నూటికి డెబ్భై దాకా ఇంకా బొగ్గువే. మన తాల్చేరు బొగ్గు ఆగితే ఎన్ని ఊళ్లు చీకటవుతాయో. పగలు సోలార్ ఎంత పోగుపడ్డా, జనం టీవీలూ ఏసీలూ వేసే వేళకి అది ఇంటికెళ్లిపోతుంది.

అప్పుడు నేను ఎగువ సీలేరు సంగతి చదివి వినిపించాను. 1350 మెగావాట్లకి ప్లానుట. పగటి కరెంటుతో కింది నీళ్లు పైకి తోడి, సాయంత్రం మళ్లీ కిందికి వదిలి మిషన్లు తిప్పుతారు. మన మాచ్‌ఖండ్ ఏరే కదరా దిగువన సీలేరు అయ్యేది! నాన్న మొహం చూడాలి. "ఏడింటికి ఎండ కొనడానికి చివరికి మా నీళ్ల కొట్టుకే వచ్చారన్నమాట" అని అమ్మని వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పారు. బావగారికి ఫోన్ కూడా చేశారు.

ఇప్పుడు ఒనకఢిల్లీ తీసుకెళ్లమంటున్నారు. వించ్‌లో, అదే తాడుతో దించే బండిలో, పవర్‌హౌస్‌కి దిగనివ్వరు, ఆయన మోకాళ్లకి అసలే కుదరదు, పైనుంచి చూస్తారుట. నువ్వూ రా. దసరాకి సెలవు పెట్టు. ఇంకోటి, ఆ మావయ్య భార్య, మన అత్తయ్య, సాలూరులో ఉంటోందిట. చుట్టయినా సరే, చూసి వద్దామని నాన్న అన్నారు, మళ్లీ తనే వద్దన్నారు. ఆవిడకి ఏం తెలుసో ఏం తెలీదో. నువ్వైతే ఏం చేస్తావు? నాకు మాత్రం...

మేనల్లుడు చెప్పులేసుకుంటున్నాడు, ఆటో వచ్చేసింది. పనస పచ్చడి సీసా నిలబెట్టి తీసుకెళ్లమన్నాను, వీడు వినే రకం కాదు, కవర్ విప్పేటప్పుడు చూసుకో. లైను పోయిందిరా మళ్లీ, అక్షరాలు కనబడ్డం లే

నీ
ఢిల్లీవాలా