ఆసుపత్రిలోనే న్యాయ సహాయం అందాలి

సంపాదకుడు గారికి,

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా, ఉచితంగా న్యాయ సాయం చేసే న్యాయ సేవాధికార సంస్థ మనిషిని కూర్చోబెట్టాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధిలో ఒకామెకు టీబీ. ఆంధ్రాలోని పాతపట్నం నుంచి కోడలిగా వచ్చింది. మందులు ఉచితంగానే ఇస్తున్నారు, కడుపునిండా తినమంటున్నారు. ఏం తింటుంది? భర్త విశాఖ ఆసుపత్రిలో పోయాడు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కాబట్టి మరణ ధ్రువపత్రం విశాఖ నుంచే రావాలి. అది చూపిస్తేగానీ ఇక్కడ వితంతు పింఛనుకు దరఖాస్తు తీసుకోబోమన్నారు. రేషన్ చూద్దామంటే ఆమె పేరు ఇంకా ఆంధ్రాలో పుట్టింటి కార్డు మీదే ఉంది. అక్కడ పేరు తీయించుకుని ఆ కాగితం తెమ్మంటున్నారు. ఇక్కడి ఫారాలేమో ఒడియాలో, ఆమెకు తెలుగు చదవడమే అంతంతమాత్రం. టీబీ రోగుల తిండికని కేంద్రం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు (2024 నవంబరుకు ముందు 500 ఉండేది) మాత్రం ఖాతాలో పడుతున్నాయి. దాంతోనే పిల్లలకూ వండిపెడుతోంది. ఇక ఆమె ఒంటికి పట్టేదేముంది?

ఇందులో డాక్టరును అనడానికేం లేదు. ఆయన మాత్రలు రాస్తాడుగానీ తహసీల్దారుకు అర్జీ రాయలేడు కదా. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సాయం అందాలి. కోర్టు కేసులకే కాదు, పింఛను, రేషన్ దరఖాస్తులు పెట్టించడానికీ పారా లీగల్ వలంటీర్లు (లాయర్లు కాకపోయినా ఇలాంటి సాయానికి శిక్షణ పొందినవాళ్లు) ఉన్నారు. కాకపోతే వాళ్ల ఆఫీసు కోర్టు ఆవరణలో ఉంటుంది. కోర్టంటేనే మనవాళ్లకు టెన్షన్, దగ్గుతూ ఎవరు వెళ్తారు?

అమెరికాలో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో 1993లోనే పిల్లల డాక్టరు బారీ జుకర్‌మన్ లాయర్లను రోగుల దగ్గరికే రప్పించారు. బూజు పట్టిన అద్దె ఇళ్లలో పిల్లలకు ఉబ్బసం తిరగబెడుతుంటే, మరమ్మతు చేయించమని ఇంటి ఓనరును అడిగే పని ఆ లాయర్లది.

మేం అంత హంగామా అడగడం లేదు. ఒక బల్ల, తెలుగూ ఒడియా వచ్చిన ఒక వలంటీరు చాలు. సవర భాష కూడా వస్తే మరీ మంచిది, కొండ మీది నుంచి వచ్చేవాళ్లు మాకంటే ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు. ఓపీ చీటీ రాసేటప్పుడే "ఇంటికి బియ్యం వస్తున్నాయా, పింఛను వస్తోందా" అని అడిగి, రావట్లేదంటే ఆ బల్ల దగ్గరికి పంపాలి. గజపతి, శ్రీకాకుళం న్యాయ సేవాధికార సంస్థలు రెండింటికీ జిల్లా జడ్జీలే అధ్యక్షులు. సరిహద్దు అవతలి కాగితం ఇవతలికి తెప్పించే బాధ్యత వాళ్లు తీసుకుంటే రోగి తిరగక్కర్లేదు. ఈలోగా ఇలాంటి ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు న్యాయ సేవల సంస్థ 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సాయం అడగొచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా