విషయం: చల్లదనం పోయి చేరిన మెనింజైటిస్ పీసీఆర్ కిట్ మార్చి ఇవ్వడం గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తెచ్చే బ్యాక్టీరియాను దాని డీఎన్ఏ ద్వారా పట్టే పీసీఆర్ పరీక్ష కోసం హనుమకొండలోని మా ల్యాబ్‌కు మీరు పంపిన కిట్ మే నెల రెండో శనివారం, సెలవు రోజున వచ్చింది. కొరియర్ అబ్బాయి ఫోనైనా చేయకుండా వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. సోమవారం థర్మాకోల్ డబ్బా తెరిస్తే డ్రై ఐస్ ముక్క ఒక్కటీ మిగల్లేదు. మైనస్ 20 డిగ్రీల్లో ఉండాల్సిన ఎంజైము, డీఎన్ఏను గుర్తుపట్టే ప్రోబులు ఓరుగల్లు ఎండకు వేడెక్కి ఉన్నాయి.

పాజిటివ్ కంట్రోల్, అంటే బ్యాక్టీరియా డీఎన్ఏ ఉందని ముందే తెలిసిన నమూనా, పెట్టి చూశాం. పాత లాట్‌లో (ముందు తెప్పించిన బ్యాచ్‌లో) 26వ సైకిల్‌కే లేచే గీత ఇందులో 37 దాటాక లేచింది, అంటే డీఎన్ఏను పట్టే శక్తి బాగా తగ్గిపోయింది. మీవాళ్లేమో మా ఫ్రీజర్‌దే తప్పని మెయిల్ పెట్టారు. అదే ఫ్రీజర్‌లో ఉన్న పాత లాట్ ఆ రోజే సరిగ్గా పనిచేసింది. రెండు రన్‌ల గ్రాఫులు, ఫ్రీజర్ రిజిస్టరు కాపీ, డబ్బా ఫోటోలు జతచేశాను. దయచేసి చూడండి.

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకు చాలాసార్లు అక్కడే యాంటీబయాటిక్ ఇచ్చి పంపుతారు. అది సరైన పనే, ఈ జబ్బులో ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. కానీ ఆ తర్వాత తీసిన వెన్నునీటిని కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పెడితే తరచుగా ఏమీ పెరగదు. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్ఏ మాత్రం అందులో ఉంటుంది, దాన్ని పట్టేది పీసీఆరే. జబ్బు తెచ్చింది మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియా అని తేలితే ఇంట్లోవాళ్లకూ ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. ఇదే జబ్బు తెచ్చే మరో బ్యాక్టీరియా న్యుమోకాకస్‌కు టీకా 2021 నుంచి దేశమంతా పిల్లలకు వేస్తున్నారు. టీకా తర్వాత కూడా ఏ రకాలు జబ్బు తెస్తున్నాయో మాలాంటి ల్యాబుల నుంచే తెలియాలి. కంట్రోల్ చూడకుండా ఈ కిట్ వాడి ఉంటే, ఉన్న జబ్బును లేదని రాసి పంపేవాళ్లం. అది తలుచుకుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది.

ఒక్కో బిడ్డ నుంచి మాకు మిగిలేది 200 మైక్రోలీటర్లు, అంటే నాలుగు చుక్కలు. అవి వృథా అయితే మళ్లీ వెన్నులో సూది గుచ్చుతామని ఏ తల్లిని అడగమంటారు?

కొత్త కిట్ ఉచితంగా, ఉష్ణోగ్రత నమోదు చేసే లాగర్‌తో పంపండి. సోమ, మంగళవారాల్లోనే బయల్దేరదీసి, ముందు మాకు ఫోన్ చేయండి. ఫ్రీజర్ అక్కర్లేని పొడి రూపం కిట్ మీ దగ్గర ఉంటే దాని ధర కూడా తెలపండి. వచ్చే ఏడాది బడ్జెట్‌లో అదే అడుగుతాను. ఫ్రీజర్‌లో ఆరుగురు పిల్లల నమూనాలున్నాయి. వారం లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌చార్జి,
మైక్రోబయాలజీ విభాగం,
హనుమకొండ