పరువు పోయిన సామాన్యుడి గోడు ఎవరికి పట్టింది?

సంపాదకులకు నమస్కారం.

పరువు నష్టం అనగానే నాయకులు వేసుకునే కోట్ల రూపాయల దావాలే గుర్తొస్తాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన అబద్ధంతో పెళ్లి సంబంధం తప్పిపోయిన అమ్మాయి, అప్పు ఎగ్గొట్టాడన్న పుకారుతో సరుకు అరువు పుట్టని చిన్న వ్యాపారి మాత్రం ఎవరికీ కనిపించరు.

నలుగురిలో ఒకరి నడవడికను, వృత్తిని, పరపతిని దిగజార్చే అబద్ధం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పోలీసులు తమంతట తాము కేసు కట్టరు, బాధితులే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. నష్టపరిహారం దావాకు గడువు ఏడాదే! ఆ సంగతి తెలిసేసరికే చాలామందికి పుణ్యకాలం గడిచిపోతుంది. లాయర్ ఫీజుల టెన్షన్ సరేసరి. న్యాయ సేవాధికార సంస్థలు తమ సదస్సుల్లో ఈ గడువు గురించి ఊరూరా చెప్పాలి.

అవినీతిని బయటపెట్టేవారి నోరు నొక్కడానికి ఈ చట్టాన్ని వాడటం నాకూ సమ్మతం కాదు. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి అందులోనే మినహాయింపు ఉంది.

పత్రికలకు ఒక విన్నపం. అరెస్టయినప్పుడు ఫొటోతో మొదటి పేజీలో వేస్తారు. అదే మనిషిని కోర్టు నిర్దోషి అని వదిలేస్తే లోపలి పేజీలో రెండు లైన్లు, ఒక్కోసారి అవీ ఉండవు. బడిలో ఆ మనిషి పిల్లలు పడే మాటలు ఆలోచించండి. అరెస్టు వార్త ఎక్కడ, ఎంత సైజులో వేశారో నిర్దోషి అన్న తీర్పునూ అక్కడే, అంతే సైజులో వేయండి.

— ఒక పాఠకురాలు, గుంటూరు