టెంకాయ గెలిచింది, నేను తిరుపతికి పోతాండా

శింగనమల,
ఆదివారం

ఒరేయ్ సీనా,

రాస్తానని చెప్పి రెండు నెలలైంది, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగుండారు, అక్కకు కూతురు పుట్టింది, అమ్మ మోకాలు అట్లే ఉంది. మిగతావి నువ్వొచ్చినప్పుడు. అసలు సంగతి చెప్పకుంటే నాకు అన్నం దిగేట్టు లేదు.

పీజీకి రెండు సీట్లొచ్చినాయి రా! పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీలో జియాలజీ, అదే రాళ్ల చదువు. ఇంట్లో ఓట్లన్నీ పాండిచ్చేరికే, సెంట్రల్ యూనివర్సిటీ అని. 'సెంట్రల్' అనే మాట వింటే చాలు, మా మామకు సెంట్రల్ జైలు కూడా గొప్పదే. నాకూ రొంత మనసు లాగింది, అబద్ధమెందుకు, సముద్రం కదా. కానీ యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష నోటిఫికేషన్ తీసి చదివినా. కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజిస్టు, అంటే భూమిలోపలి నీళ్ల సంగతి చూసేవాళ్లు, కావాలంటే పీజీ జియాలజీలోనో, అప్లైడ్ జియాలజీ, మెరైన్ జియాలజీ, హైడ్రోజియాలజీల్లోనో ఉండాల. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఆ వరసలోనే లేదు! మామకు చెప్తే, "రాళ్లు చూడనీకి తిరుపతి దాకా ఎందుకు, మన కొండ లేదా?" అన్నాడు.

ఫీజుకు ఆఖరి రోజే బోరు బండి వచ్చింది చూడు. ఇంతకుముందు మూడు బోర్లు పోయింది నీకు తెల్సు. మామ టెంకాయ సామిని పిల్చుకొచ్చినాడు. (నవ్వొద్దు. బెలుం గుహల్లో కరెంటు పోయినప్పుడు నువ్వు ఎవరికి మొక్కినావో నేనింకా ఎవరికీ చెప్పలేదు.) అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగినాడు. చింతచెట్టుకు ఇవతల అది నిట్టనిలువునా లేచింది. పొద్దున నేను ముగ్గుపిండితో గుర్తు పెట్టిన చోటికి నాలుగడుగులు, అంతే! చేనుకు అడ్డంగా నల్లరాయి గట్టు ఉందే, మనం సంగటి, ఊరిబిండి తిన్న చోటు, అది డోలరైట్ డైక్ రా, కరిగిన రాయి నేల పగుల్లోకి ఎక్కి గోడ మాదిరి గడ్డకట్టింది. నీళ్లకు అడ్డం పడితే ఎగువ పక్క పగుళ్లలో నిలిచే అవకాశముంటాది. అవకాశమే, గ్యారంటీ లేదు. "ఎన్నడుగుల్లో పడ్తాది?" అన్నాడు నాయన. నా నోట మాట లేదు. సామి మాత్రం ఠక్కున "280" అన్నాడు.

280 దాటింది. 300 దాటింది. దుమ్మే దుమ్ము. నాయన తువ్వాలు మూతికి కట్టుకుని రాడ్లు లెక్కపెడ్తాండాడు, రాడ్లు కాదులే, అప్పు. నేను బయటికొచ్చే పొడి గుప్పిట్లో పట్టి చూస్తాండా. 340 దగ్గర రాతిముక్కలకు తుప్పు రంగు తగిలింది, వేళ్ల మధ్య నలిపితే చెమ్మ. నీళ్లు తిరిగిన పగుల్లో రాతిలోని ఇనుము తుప్పు పడ్తాది. "ఆపొద్దన్నా, ఇంకో రాడ్డు!" అని అరిచినా. ఆ రాడ్డులోనే పడింది రా, ఇంచిన్నర నీళ్లు! నాయన ఆ బురదలో అట్లే కూచున్నాడు. ఏడ్చినాడేమో తెలీదు, మొగమంతా తడే.

పేరెవరికి? టెంకాయకే. మామ సామికి పంచె పెట్టి పంపినాడు. ఒళ్లు మండింది. కానీ సామి చెప్పిన లోతు తప్పయింది, నేనైతే ఏ లోతూ చెప్పలేకపోయినా. అదే గుచ్చుతాంది. నాలుగు కడ్డీలు నేలలో దిగ్గొట్టి, బయటి రెండింట్లో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూసి నీళ్లు ఏ లోతులో ఉండొచ్చో అంచనా కట్టేది డిగ్రీలో బొమ్మ గీసినాం, మార్కులేయించుకున్నాం. ఆ మీటరు ఎప్పుడన్నా ముట్టుకున్నామా? మన రాయి సారైతే... సరే, ఆయన సంగతి వద్దులే.

రాత్రి పదకొండున్నరకు, గడువు ఇంకా అరగంట ఉండగా, నాయన మంచం పక్కనే కూచుని తిరుపతికి కట్టేసినా.

"ఏది కట్టినావు?"

"రాళ్లది."

"సరే, పండుకో."

మామ మాట్లాడ్డం మానేసినాడు. నాకు కూడా ఒక్కోసారి ఆ సముద్రం... నువ్వైతే ఏం చేసేవాడివో నిజంగా రాయి, నన్ను మెప్పించనీకి రాయొద్దు. హాస్టల్ సంగతి ఇంకా తేలలేదు, నీకు తిరుపతిలో ఎవరన్నా

కరెంటొచ్చిందంట, మోటరేయాల, నాయన కేకేస్తాండాడు. ఆ ఎనిమిది రూపాయల బాకీ మర్చిపోలేదు నేను.

నీ
గుండ్రాయి