గట్టు మీదికి డ్రైవరు లేని కారు రాకముందే: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. రావులపాలెం దగ్గర్లో ఉంటాను. పాలిటెక్నిక్‌లో హైవే ఇంజనీరింగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అర్జీలు చివరిదాకా చదివే తీరిక మీ పేషీకి ఉండదు కాబట్టి అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. 2027 గోదావరి పుష్కరాలలోపు, జొన్నాడ, రావులపాలెం, సిద్ధాంతం మీదుగా పోయే హైవే మీద ఆర్టీసీ బస్సుల్ని ఒకే నిదానమైన వేగంతో నడిపించి రద్దీని సర్దే ప్రయోగం ఒకటి చేయించండి. రెండోది, డ్రైవరు లేని కారు డెల్టాలో ఏ రోడ్డెక్కవచ్చో, ఏ రోడ్డెక్కకూడదో ఇప్పుడే రాసిపెట్టించండి. ఈ రెండిటికీ పొత్తేమిటని మీ పేషీవాళ్లు అడుగుతారు. మొదటి ఆలోచన ఆ కార్ల మీద జరిగిన పరిశోధనలోంచే పుట్టింది.

డ్రైవరు లేని కార్లను దేశంలోకి రానివ్వనని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు 2017లో అన్నారు, 2023 డిసెంబరులో మళ్లీ అన్నారు. 70, 80 లక్షల మంది డ్రైవర్ల ఉపాధి పోతుందన్నది ఆయన వాదన. లారీ మీదో ఆటో మీదో టాటా ఏస్ మీదో బతికే ఇల్లు ప్రతి వీధిలో కనబడే మా కోనసీమలో ఆ మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. నేనూ తీసుకోను. కాకపోతే సగం కారు అప్పుడే వచ్చేసిందండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి దిగే కార్లలో, ముందున్న బండిని కనిపెట్టి తమంతట తామే వేగం పెంచుకుని, తగ్గించుకుని, బ్రేకు వేసుకునేవి కొన్ని ఉంటున్నాయి. 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700లోనే ఆ సౌకర్యం ఉంది. చెయ్యి స్టీరింగు మీద, కాలు ఖాళీ. ఇటు హైదరాబాదు దగ్గరి కంది ఊళ్లో ఐఐటీ హైదరాబాద్ వాళ్ల తిహాన్ కేంద్రంలో అసలు డ్రైవరే లేని బండ్లను పరీక్షించే ట్రాకు 2022లోనే మొదలైంది. రానిస్తామా మానేస్తామా అన్న చర్చ ఢిల్లీలో సాగుతుండగానే, మనిషి నడిపే బండీ, సగం యంత్రం నడిపే బండీ మన వంతెనల మీద ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

జామ్ అయిందంటే ముందెక్కడో ప్రమాదం జరిగిందనో, టోల్‌గేటు దగ్గర ఆగిపోయారనో అనుకుంటాం. చాలాసార్లు అదీ నిజమే. కానీ ఏ కారణమూ లేకుండా పుట్టే జామ్ ఒకటుంది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 230 మీటర్ల గుండ్రటి ట్రాకు మీద 22 కార్లు పెట్టి, అందరూ ఒకే వేగంతో వెళ్లండని చెప్పారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఆ ట్రాకులో గుంట లేదు, సిగ్నల్ లేదు, అడ్డొచ్చిన గేదె లేదు. అయినా కాసేపటికి ఎవరో ముందువాడికి మరీ దగ్గరగా వచ్చి కాస్త బ్రేకు తొక్కారు. వెనకవారు ఇంకాస్త గట్టిగా తొక్కారు, ఆ వెనకవారు ఆగిపోయారు. అలా పుట్టిన అడ్డంకి, కార్లు ముందుకు పోతుంటే తాను గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి నడిచింది. జొన్నాడ దగ్గర గోదావరి వంతెన మీద పావుగంట ఆగి, తీరా కదిలాక చూస్తే ముందేమీ కనబడక తెల్లబోయేది ఇందుకే. ఆపిన మనిషి ఎప్పుడో తణుకు చేరి ఉంటాడు.

తర్వాత అమెరికాలో, అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో, ఇంచుమించు అదే గుండ్రటి ట్రాకు మీద 2016లో ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి ఒక్క కారును కంప్యూటరు నడిపింది, మిగతావన్నీ మనుషులే. ఆ ఒక్క కారు చేసిన ఘనకార్యమేమీ లేదు. ముందువాడు ఉరికినా తాను ఉరకలేదు. సగటు వేగం ఎంతుందో చూసుకుని దాన్నే పట్టుకుంది. ముందు ఖాళీ పెరిగితే పెరగనిచ్చింది. ముందువాడు ఆగినప్పుడు ఆ ఖాళీ కాస్త తరిగింది తప్ప దీనికి బ్రేకు పడలేదు, దీనికి పడలేదు కాబట్టి వెనకవాళ్లకూ పడలేదు. ఇరవై పైచిలుకు కార్లలో ఒక్కటి కుదురుగా ఉంటే ఆగుతూ సాగుతూ పోవడం సద్దుమణిగింది. ఇంధనం వాడకం 40 శాతం దాకా తగ్గింది. 2022 నవంబరులో నాష్‌విల్ దగ్గర హైవే మీద, పొద్దుటిపూట నిజమైన రద్దీలోకి, ఇలాంటి 100 కార్లను వదిలి పెద్ద ఎత్తున పరీక్షించారు.

అయితే యంత్రానికి పగ్గాలిస్తే చాలు జామ్‌లు పోతాయని ఎవరైనా మీ దగ్గరికి స్లైడ్లు పట్టుకొస్తే నమ్మకండి. షోరూములో అమ్మే కార్లలోని క్రూయిజ్ కంట్రోల్‌ను, అంటే ముందున్న బండిని బట్టి వేగం తానే సర్దుకునే ఆ సౌకర్యాన్ని, పరిశోధకులు విడిగా పరీక్షించారు. రెండు కంపెనీలవి ఏడు మోడళ్లు. ఏడూ ముందు కారు వేగంలో వచ్చిన చిన్న తేడాను వెనక్కి పెద్దది చేసి పంపేవే. అలాంటి పది కార్లు వరసగా వస్తే మొదటిది కాస్త తగ్గింది కదా అని పదోది ఆగిపోవచ్చు. కొన్నవారికి సుఖంగానే ఉంటుంది, వెనకొచ్చే వాళ్లకు నరకం. బండి ప్రమాణాలు నిర్ణయించేది కేంద్రమే కాబట్టి, ఈ ఒక్క పరీక్షను ఆ ప్రమాణాల్లో చేర్చమని మీరు ఒక ఉత్తరం రాయాలి. ఖర్చు లేని పని.

ఇక మన రోడ్డు సంగతి. గుండ్రటి ట్రాకు మీద పనిచేసింది రావులపాలెంలో పనిచేస్తుందా? అక్కడ చేసినట్టే చేస్తే పనిచెయ్యదు. కుదురుగా పోయే కారు ముందు రెండు బారల ఖాళీ కనబడిందంటే మనవాళ్లు ఊరుకుంటారా? ముందు బైకు దూరుతుంది, దాని వెనక ఆటో, ఆ వెనక అరటిగెలల వ్యాను. దూరినవాళ్లందరికీ దారిచ్చి కారు ఇంకా వెనక్కి తగ్గుతుంది, వెనకున్న లారీవాడు హారన్‌తో చెవులు తూట్లు పొడుస్తాడు. విదేశాల్లో వరసలు పాటించే రోడ్ల మీద తీసిన లెక్కల్ని ఇక్కడ యథాతథంగా దించకూడదు.

అందుకే కారు కాదు, బస్సు అంటున్నాను. అదీ వంతెనకు ఎగువన మొదలుపెట్టి వంతెన మీదుగా. వంతెన మీద పక్క రోడ్లుండవు, మధ్యలో ఎక్కేవాళ్లుండరు, టిఫిను బండి దగ్గర ఆగేవాళ్లుండరు. ఒక వైపు రెండు వరసల్లోనూ పక్కపక్కన రెండు బస్సులు గంటకు 40 కిలోమీటర్లతో కదిలితే వాటిని దాటి ఉరకడం కార్లకు కుదరదు. బైకులు సందులోంచి పోతే పోనివ్వండి, వాటితో వంతెన నిండిపోదు. రావులపాలెం సెంటర్లో బండ్లు పేరుకుంటున్నాయని కెమెరాలో కనబడగానే, అక్కడికి ఎంతో ముందే, వేమగిరి దగ్గరే, వెనకొచ్చే బస్సుల వేగం 30కి తగ్గించమని వైర్‌లెస్‌లో చెప్పాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీరు తక్కువైనప్పుడు ఇరిగేషన్ వాళ్లు వంతులు పెట్టి లాకులు ఎత్తి దించుతారే, శివారు చేలకు కూడా నీరందేది అలాగే కదండీ. బండ్లనూ అలా వంతున వదలాలి. ఇంగ్లండులో లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డు మీద 1995 నుంచి రద్దీని బట్టి వేగపరిమితిని బోర్డుల మీద మారుస్తున్నారు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద వేగం నిర్ణయించే అధికారం మీ ప్రభుత్వానికి ఉంది, 115 కింద ఫలానా బండి ఫలానా రోడ్డు మీదికి రాకూడదనే అధికారమూ ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు.

డ్రైవర్లకు కొత్తగా నేర్పాల్సింది కూడా తక్కువే. డిపోల్లో కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) లెక్క ఎలా కడతారో తమకు తెలియంది కాదు. లీటరు డీజిలుకు ఎక్కువ కిలోమీటర్లు తెచ్చే డ్రైవరంటే అనవసరంగా ఉరకనివాడు, అనవసరంగా బ్రేకు తొక్కనివాడు. టూసాన్‌లో కంప్యూటరు చేత చేయించిన పని అదే. ఆ కంప్యూటరు కోసం కోట్లు పోయక్కర్లేదు, రాజమండ్రి, రావులపాలెం డిపోల్లో మంచి కేఎంపీఎల్ ఉన్నవాళ్ల జాబితా తెప్పించుకుంటే చాలు. డ్రైవర్ల పొట్టకొట్టే టెక్నాలజీ అని భయపడుతున్న దానిలోంచి వాళ్ల నైపుణ్యానికి విలువ కట్టే పని ఒకటి దొరకడం నాకు భలే నచ్చింది.

గట్టు రోడ్లది వేరే కథ. అక్కడ నా అభిప్రాయం ఇంత మెత్తగా ఉండదు. శనివారం వాడపల్లి రండి. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దర్శనానికి వచ్చే జనం బొబ్బర్లంక–రావులపాలెం కాలువ గట్టును తెల్లారకుండానే నింపేస్తారు. లొల్ల లాకుల దగ్గర ఒక బస్సు, ఎదురుగా ఇంకో బస్సు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లం. ఆ చిక్కు విప్పేది ఏ సిగ్నలూ కాదు, కిందికి దిగిన కండక్టరు చెయ్యీ, కాస్త వెనక్కి తీసిన ఆటోవాడి మంచితనమూ. లైటు ఒకసారి కొట్టామంటే మన దగ్గర ‘నేనొస్తున్నా, నువ్వాగు’ అని. చాలా దేశాల్లో అదే లైటుకు ‘నువ్వు పో’ అని అర్థం. అక్కడ చదువుకుని వచ్చిన యంత్రం ఎదురొస్తున్న ఇసుక లారీ లైటు చూసి సంతోషంగా ముందుకొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సంతోషంగా రాకపోయినా కష్టమే. చుట్టూ జనం కిక్కిరిసి ఉంటే ఏ దారీ క్షేమం కాదని లెక్క తేల్చుకుని యంత్రం నిలబడిపోతుంది. రోబోల మీద పనిచేసేవాళ్లు 2010 నుంచీ దీన్ని చర్చిస్తూనే ఉన్నారు. 2025 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోతే వేమో కంపెనీ డ్రైవరు లేని టాక్సీలు కూడళ్లలో ఆగిపోయి దారి మూసేశాయి. అంత వెడల్పు రోడ్ల ఊళ్లోనే అలా ఉంటే, ఒకే బండి పట్టే గట్టు మీద ఒక కారు మొండికేస్తే లంక గ్రామాలకు దారి ఉండదు, అంబులెన్సుకూ ఉండదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదికి బండి ఎక్కించే కుర్రాడి చేతి సైగలు దానికి ఎవరు నేర్పుతారో కూడా చూడాలనుంది.

కాబట్టి నిబంధనల్లో ఇవి పడాలి. తీర్థం రోజుల్లో, కనుమనాడు ప్రభలు కదిలేటప్పుడు, అంతర్వేది కళ్యాణానికి, గట్టు రోడ్ల మీదికి మనిషి లేకుండా నడిచే బండి రాకూడదు. ఆగిపోయిన బండిని నలుగురు కలిసి పక్కకు తోసేలా గేరు విడిపించే మీట బయటికి కనబడాలి. పిలిస్తే పలికే కంపెనీ మనిషి జిల్లాలోనే ఉండాలి, తెలుగు వచ్చినవాడై ఉండాలి. యజమానిని గుడి దగ్గర దించి, పార్కింగు డబ్బులు మిగుల్చుకోవడానికి ఖాళీ కారు ఊళ్లమ్మట తిరగకూడదు. ఈ చివరిది వింతగా అనిపించొచ్చు గానీ, నిలపడం కంటే తిప్పడం చవకైతే అదే జరుగుతుందని అమెరికాలో లెక్కకట్టి చూపించారు. వాడపల్లిలో మనుషులున్న కార్లకే చోటు లేదు.

ఇంకో మాట. మాసూళ్లప్పుడు, పంట నూర్చే రోజుల్లో, రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి, రాత్రిళ్లు బరకం కప్పిన రాశులు నల్లగా ఉంటాయి. మనిషి డ్రైవర్లే గుద్దుకుంటున్నారు. రేపు కారు కంపెనీలవాళ్లు ఇది చూపించి రైతును రోడ్డు మీంచి తరిమేయమంటారు. రైతుకు కళ్లం లేకపోబట్టే కదా రోడ్డెక్కాడు. రోడ్డు బాగుచేసే నిధుల్లోంచి కొంత తీసి ఊరూరా ఆరబోసుకునే గచ్చులు కట్టించడం కూడా ట్రాఫిక్ పనే. అది మీ శాఖది కాదంటారని తెలుసు, వ్యవసాయ మంత్రి గారికి ఈ లేఖ ప్రతి పంపుతున్నాను.

పుష్కరాలు 2027 జూన్ ఆఖర్లో మొదలవుతాయి. 2015 పుష్కరాల్లో ఈ హైవే మీద ఎంతసేపు కూరుకుపోయారో రెండు గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. జనం వచ్చాక ప్రయోగాలు చేయలేం. అంతకుముందొచ్చే సంక్రాంతికి, భోగి ముందురోజూ కనుమ మర్నాడూ, వేమగిరి నుంచి సిద్ధాంతం దాకా ఒక్కసారి చేసి చూడండి. ఆ బస్సుల కేఎంపీఎల్ ఎంతో, వేమగిరి దాటిన బండి సిద్ధాంతం దాటడానికి ఎంతసేపు పట్టిందో, మామూలు సంక్రాంతి రద్దీతో పోల్చి రాయించండి. లెక్కలు బాగా రాకపోయినా పత్రికలకివ్వండి, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటాం. టైము రాసుకోవడానికి వంతెనకు ఆ చివరా ఈ చివరా నిలబడేందుకు నా పాత విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు పోలీసు అనుమతి పత్రం ఒకటి ఇప్పిస్తే చాలండి.

ఇట్లు,
భవదీయుడు,
రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
రావులపాలెం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా