నిబంధన అందరికీ ఒకటే కావాలి

అయ్యా,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధాన్ని మా కొత్తపట్నం తీరంలో బోట్లవాళ్లు పాటిస్తున్నారు. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలేయాలని వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటారు, చెట్ల నీడన కూర్చుని తెగిన వలలు అల్లుకుంటారు, కుర్రాళ్లు ఒంగోలుకు కూలికి పోతారు.

అసలు టెన్షన్ వేట మొదలయ్యాకే. పక్క రాష్ట్రం పెద్ద బోట్లు ఒడ్డుకు దగ్గరగా వచ్చి, చిన్నకన్ను వలలతో పిల్ల చేపను కూడా ఊడ్చుకుపోతున్నాయి. వాటికి తగిలి మనవాళ్ల వల తెగితే కొత్త వలకు మళ్లీ అప్పే!

నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భరోసా సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచడం మంచి పనే. అది నిషేధం నడుస్తుండగానే చేతికందాలి. మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు కలిసి సముద్రంలో గస్తీ పెంచాలి.

– ఒక పాఠకుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా